పంటిలో దాగిన పాలు

కాకినాడ దంతపఠన కేంద్రంలో ఆ ఉదయం కూడా తల్లులు పత్తిలో చుట్టిన పాలపళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసిరే రోజులు పోయాయి. ఇప్పుడు దంతలిపి యంత్రం దాన్ని పొర పొరగా చదువుతుంది. బిడ్డ తల్లిపాలు తాగిన నెలలు బేరియం చెబుతుంది, తాగిన నీళ్ళు ఏ నేలవో స్ట్రాన్షియం చెబుతుంది. ఏ వీధి నీళ్ళలో సీసం కలిసిందో ఆ చదువుతోనే బయటపడి ఎందరో పిల్లలు గట్టెక్కారు. కూతురి పన్ను ఊడినప్పుడల్లా ఇక్కడికి తెచ్చే మంగతాయారు ఆ యంత్రాన్ని చూసినప్పుడల్లా మనసులో దణ్ణం పెట్టుకునేది.

ఈ రోజు మాత్రం ఆమె దాని వంక చూడలేదు. ఎదురుగా ఉప్పాడ నుంచి వచ్చిన నూకాలమ్మ కూర్చుంది. పదేళ్ళ కిందటి తుఫానులో కోడలు పోయింది, నాలుగు నెలల మనవరాలు కనపడకుండా పోయింది. మంగతాయారు కూతురు చంపకం పంటిలో ఉప్పాడ నీటి జాడ ఉందని కేంద్రం వాళ్ళే ఆమెకు కబురు పెట్టారు. చంపకం బయట ఉయ్యాల ఊగుతోంది.

దంతపాఠకుడు శేషావతారం తెర చూసి తల అడ్డంగా ఊపాడు.

"కాదు మామ్మగారూ. నాలుగో నెల దాకా సముద్రపు ఒడ్డు నీళ్ళు, ఆ తర్వాత కొండ నీళ్ళు. పాలు మాత్రం ఆగలేదు. మధ్యలో రెండు రోజులు సన్నటి గీత ఉంది, జ్వరమేమో. తల్లి బిడ్డతో కొండకి వలసపోయిందని యంత్రం తేల్చింది. ఈ పిల్ల ఈవిడ కన్నబిడ్డే."

నూకాలమ్మ కర్ర అందుకుని లేచింది.

ఊరుకుంటే చాలు, చంపకం తనదే. ఇంత చదివిన యంత్రం ఇదొక్కటీ ఎందుకు చదవలేదు స్వామీ అని మంగతాయారు అన్నవరం సత్యదేవుణ్ణి తలుచుకుంది. ముసలామె గుమ్మం దాటుతుంటే ఉండబట్టలేకపోయింది.

"ఆగండమ్మా! అది జ్వరం కాదండీ, ఆకలి. తుఫాను శిబిరంలో ఏడుస్తుంటే నేనే ఎత్తుకుని కొండకి తీసుకుపోయాను. ఆ తర్వాతి పాలు నావి."

శేషావతారం తెల్లబోయాడు. "ఇద్దరు తల్లులుంటారని యంత్రానికి ఎవరూ చెప్పలేదండీ."

నూకాలమ్మ వెనక్కి వచ్చి కూలబడింది. "రెండ్రోజులేనా బాబూ అది పస్తున్నది? నా పిల్ల ఆకలికి మాడి సచ్చిపోయిందనుకుని ఇన్నేళ్ళూ ముద్ద మింగలేక సచ్చాను."

"తీసుకెళ్తారా అమ్మా?" మంగతాయారు అడిగింది.

"ఏటే నీ పిచ్చి! పెంచినదాని దగ్గర్నుంచి లాక్కుపోతానా? అప్పుడప్పుడు తీసుకొచ్చి నా కళ్ళకి సూపించు, సాలు."

మంగతాయారు కొంగుతో మొహం కప్పుకుంది. నూకాలమ్మ ఆ కొంగు మెల్లగా తప్పించింది.

"అది సరే గానీ, నీకు పాలెలా వొచ్చాయి? తుఫానులో నీకూ ఓ బిడ్డ పోయిందా?"

మంగతాయారు తల ఊపింది.

"పేరేటమ్మా?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. యంత్రం కూడా.

"సుభద్ర," అంది మంగతాయారు.