శుభం లేని జాబితా

డిటెక్టివ్ ఆదినారాయణ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి సినిమా ఎడిటింగ్‌లో పనిచేసే మనోజ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. సహాయకుడు అరవింద్ అడక్కుండానే మంచినీళ్లు ఇచ్చాడు.

"సినిమా క్లైమాక్స్ నేనే తుడిచేసిన్నంటున్రు సార్. ఇయాల ఒప్పుకోకపోతే పోలీసులకు చెప్తరంట. ఇగ ఏ ఎడిటింగ్ రూములోనైనా నన్ను రానిస్తరా?"

"చివర్లో వేసే శుభం కార్డు కూడా పోయిందామ్మా?"

"అది ఇంకా చెయ్యనేలేదు సార్."

ఆదినారాయణ లేచి చొక్కా సర్దుకున్నాడు. అరవింద్‌కి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. అడగడానికి మొహమాటపడ్డాడు.

ఫిల్మ్ నగర్‌లోని సినిమా ఆఫీసులో మేనేజర్ వరప్రసాద్ ఒక కాగితం ముందుకు తోశాడు.

"రోజూ అందరూ వెళ్లాక, కంప్యూటర్‌కి ఒక్క కమాండు ఇచ్చి ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లన్నీ టెక్స్ట్ ఫైల్లోకి ఎక్కించి ప్రింటు తీస్తానండీ. ఇది శుక్రవారానిది. క్లైమాక్స్ లేదు చూడండి. అంటే శుక్రవారం మనోజ పనిలో ఉండగానే పోయింది."

"ఆ టెక్స్ట్ ఫైలు ఎక్కడ ఉంటుంది?"

"ఆ ఫోల్డర్‌లోనేనండీ."

"దాని పేరు?"

"శుభం," అంది నిర్మాత సీతామహాలక్ష్మి. "మా నాన్నగారి సెంటిమెంటు. ఏ జాబితాకైనా అదే పేరు."

"దీన్లో ఏమీ మార్చలేదు కదా, వరప్రసాద్ గారూ?"

"ఒక్క అక్షరం కూడా మార్చలేదండీ!"

ఆదినారాయణ గురువారం ప్రింటు తెప్పించి అందరినీ దగ్గరికి పిలిచాడు. తన లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌కి అదే కమాండు ఇచ్చి చూపించాడు.

"కమాండు ముందుగా ఖాళీ ఫైలు తెరిచి, తర్వాత పేర్లు రాస్తుంది. అందుకే జాబితాలో జాబితా పేరు కూడా పడుతుంది. గురువారం కాగితంలో శుభం ఉంది. శుక్రవారం దాంట్లో లేదు. ఎవరో చేత్తో తీసేశారు. ఆ పేరు చూసి చివరి కార్డని పొరబడి, క్లైమాక్స్ పోయాక అది మిగలడం బాగుండదనుకున్నారు. కార్డు ఇంకా చెయ్యనేలేదు; జాబితా తన పేరు తానే రాసుకుంది. ఆ చేత్తోనే క్లైమాక్స్ పేరూ తీశారు, శుక్రవారం సాయంత్రానికి క్లైమాక్స్ భద్రంగానే ఉందన్నమాట."

వరప్రసాద్ తన కాగితాన్ని బల్ల మీద బోర్లించాడు.

"శనివారం పొద్దున డిస్కు శుభ్రం చేస్తూ పొరపాటున తుడిచేశానండీ. పాతికేళ్ల పేరు పోతుందని..."

"నా పేరు పోతే ఏం కాదా అన్నా?" అంది మనోజ.



"తర్వాత ఆ డిస్కులోకి కొత్త ఫైళ్లేమైనా ఎక్కించారా?" ఆదినారాయణ వరప్రసాద్‌ని మెల్లగా అడిగాడు.

"లేదండీ. భయమేసి బీరువాలో పెట్టేశాను."

"ఆ భయమే మేలు చేసింది. తిరిగి తీయించవచ్చు."

రెండ్రోజులకు డిస్కు బాగుపడి వచ్చింది. సీతామహాలక్ష్మి కుర్చీ వెనక్కి జరిపి, కమాండు మనోజనే ఇమ్మంది. అరవింద్ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. తెరమీద పేర్లు వరసగా దిగాయి. క్లైమాక్స్. దాని కింద, శుభం.