నిర్ణేతకు తెలియని స్పర్శ

నీరద స్పర్శతొడుగును బల్లమీద పరిచి మేల్కొలుపు కడ్డీతో ఒక్కో భాగాన్నీ తాకుతూ వచ్చింది. మోకాళ్లు మేలుకున్నాయి. నడుము మేలుకుంది. ఎడమ భుజానికి మాత్రం కడ్డీ తాకించకుండానే తెరమీద ‘సజీవం’ అని నమోదు చేసింది. దారాల్లో సన్నటి నీలికాంతి పాకింది, భుజం మీద కూడా. కానీ ఆ భుజం ఇప్పుడు మొద్దు. నిప్పుతో కాల్చినా, తొడుగు పంపే స్పర్శను బట్టి తీర్పు చెప్పే యంత్రం నిర్ణేతకు తెలియదు.

ఆ తొడుగు గంధం సాత్యకిది.

బందరు సముద్రగోడ మీద కట్టిన బరిలో మరికాసేపట్లో కబడ్డీ ఫైనల్. గోడ పొడవునా సాత్యకి బొమ్మలే. చెయ్యెత్తి, తలవంచి, తనంతట తానే బరి దాటి వెళ్లిపోతుంటాడు. ప్రత్యర్థి వేలు తగిలితే నిర్ణేత చెప్పకముందే ‘తగిలింది’ అని ఒప్పుకునే ఆటగాడు. బళ్లలో పిల్లలు కూడా అతనిలాగే చెయ్యెత్తి తప్పు ఒప్పుకుంటున్నారట.

ఆ ఎత్తిన చెయ్యి చూస్తే నీరదకు ఒళ్లు మండుతుంది.

ఆమె అన్న మురహరి కూడా ఒకప్పుడు అలాగే చెయ్యెత్తాడు. కూతకు వచ్చిన కుర్ర సాత్యకి వేలికొన అతని మడమను రాసుకుంది. నిర్ణేత స్పర్శ లేదంది. “తగిలింది. నేను అవుట్,” అన్నాడు మురహరి. నిర్ణేత మాటను కాదనడం తీర్పుధిక్కారం. అధికారులు సాత్యకిని అడిగారు. అతను నేలచూపులు చూస్తూ, “నిర్ణేత ఎంతంటే అంతే,” అన్నాడు. మురహరిని బతికున్నంతకాలం బరి తొక్కకుండా వెలేశారు.

ఈ పొద్దున ఆమె పనికి బయల్దేరుతుంటే మురహరి అప్పుడే తెర ముందు కుర్చీ వేసుకున్నాడు.

“ఆటంటే వాడిదేనమ్మా. పిల్లలు చూసి నేర్చుకోవాలి.”

“నీ బతుకు తీసినవాడి దగ్గరా?”

“కుర్రాడు, భయపడ్డాడు. ఆ సిగ్గే వాణ్ణి ఇలా మార్చిందేమో.”

“నిర్ణేత ఒప్పుకునే నిజాలే చెబుతాడన్నయ్యా. దానికేం ధైర్యం కావాలి?”

అది ఒప్పుకోని నిజం ఇవాళ వాడి భుజం మీద పడుతుంది. నోరు మూసుకుంటే వాడి బండారం అన్నయ్యకు చూపించొచ్చు. నోరు తెరిస్తే అన్నయ్య పడ్డదే వాడూ పడతాడు. ఏది జరిగినా ఆమెకు పండగే.

సాత్యకి జట్టు ఒక్క పాయింటు ముందుండగా ఆఖరి కూత మొదలైంది. కూతకు వచ్చిన అవతలి ఆటగాడు ఒంగి చెయ్యి విసిరాడు. వేళ్లు సాత్యకి ఎడమ భుజాన్ని రాసుకున్నాయి. ఊపిరి తెగకుండా ఆ కూతగాడు తనవైపుకు మధ్యగీత దాటాడు.

“స్పర్శ లేదు,” అంది నిర్ణేత. “సాత్యకి జట్టు విజేత.”

జట్టువాళ్లు సాత్యకిని భుజాలకెత్తుకున్నారు. అతను విడిపించుకుని దిగి చెయ్యెత్తాడు.

“తగిలింది.”



“స్పర్శ లేదు. మాట వెనక్కి తీసుకోవచ్చు,” అంది నిర్ణేత.

“ఇదివరకు నీ మాటే నిజమన్నాను. మురహరి అనే ఆటగాడు బరి పోగొట్టుకున్నాడు. అతని మడమకు నా వేలు తగిలింది. ఇవాళ నా భుజానికి ఇతని వేలు తగిలింది.”

బరికి పైనున్న గాజుగదిలో, తొడుగు పరీక్షించిన నీరద మాట అడుగుతూ ఆమె తెర వెలిగింది. ‘తొడుగు నిర్దోషం’ అని ఆమె వేలు నొక్కితే సాత్యకికి జీవితకాల బహిష్కారం. అన్నయ్య జుట్టు నెరిసేదాకా ఆగి ఇప్పుడా చెప్పేది? మీట మీద వేలు పెట్టి నొక్కబోయింది.

పక్కన పర్యవేక్షకురాలు రజియా వాచీ చూసుకుంటోంది. “కానివ్వమ్మా, బహుమతులు ఆలస్యమవుతున్నాయి.”

ఆ రోజు కూడా ఇలాగే ఎవరో కానిచ్చేసి ఉంటారు. మురహరి తొడుగును విప్పి చూసినవాళ్లు లేరు. ఒకరి వేలు, ఒక మీట, ఒక బతుకు. సాత్యకి ఒక్కణ్ణి వెలేస్తే ఆమె కసి తీరదనిపించింది.

నీరద మైకు అందుకుంది.

“సాత్యకి భుజం మొద్దు. నేనే మొద్దు చేశాను.”

“నీకేమన్నా పిచ్చా? వదులు!” రజియా చెయ్యి పట్టుకుని లాగింది.

నీరద వదల్లేదు. “నా చేతికి లొంగిన తొడుగు రేపు ఎవరి చేతికైనా లొంగుతుంది. వాటంతట అవే చచ్చిన తొడుగులు ఇంకెన్నో! మా అన్న మురహరి తొడుగు విప్పి చూడండి. మీరు వెలేసిన ప్రతివాడి తొడుగూ విప్పండి.”

తెరమీద విజేత పేరు చెరిగి ఆ చోటు ఖాళీగా మిగిలింది. కింద సాత్యకి గాజుగది వైపు తలెత్తి రెండు చేతులూ జోడించాడు. నీరద బదులు దణ్ణం పెట్టలేదు.

జనంలోంచి ఒక ముసలి గొంతు, వెలేసిన ఆటగాడి పేరు ఒకటి అరిచింది. ఇంకో మూలనుంచి మరో పేరు. తర్వాత ఎవరు ఏ పేరు అరుస్తున్నారో వినబడనంతగా బరి హోరెత్తిపోయింది.