కణదర్శి మింగేసిన మాట

2083 నాటికి ఉత్తరాంధ్ర తీరంలో ముక్కుకు జల్లెడ కట్టుకోకుండా ఎవరూ గడప దాటడం లేదు. ఎండలు ముదిరి ముదిరి, గోడల మీది బూజు మనిషి ఒంటి వేడికి కూడా అలవాటు పడిపోయింది. గాలితోపాటు ముక్కులో దూరి కంటి వెనక కాపురం పెడుతోంది.

అందుకే కణదర్శి అనే యంత్రం వచ్చింది. రోగి నుంచి తీసిన ఆవగింజంత కండముక్కను పెడితే, దాన్ని వెయ్యి పొరలుగా చదివి, శిలీంధ్రం ఉందో లేదో, ఉంటే ఏ జాతిదో నాలుగు నిమిషాల్లో నోటితో చెబుతుంది. వెనకటి పెథాలజిస్టులు మైక్రోస్కోపు ముందు మెడలు పడిపోయేలా కూర్చుని చేసిన పని అది.

డాక్టర్ పైడితల్లి ఆ తీరంలోని పెద్దాసుపత్రి ల్యాబులో పదకొండేళ్లుగా కణదర్శి నివేదికల మీద సంతకాలు పెడుతోంది. ఆ రోజు పొద్దున్నే, సముద్రపు నాచు ఆరబెట్టే కూలీ ఎర్నమ్మ వార్డులోంచి లేచి సరాసరి ల్యాబుకే వచ్చేసింది. కుడి కన్ను కోడిగుడ్డంత ఉబ్బి ఉంది.

"నిన్నెవరు రానిచ్చారమ్మా?"

"ఎవులూ రానీలేదు, నానే వచ్చినాను. ఆ వాపు మందు ఏసిన కాడ్నించి కన్ను మరీ ఉబ్బిపోతంది డాట్రమ్మా. మీ మిసను బూజు లేదందట. మరిదేటి?"

పైడితల్లి ఆమెను వార్డుకు పంపి కేసు షీటు తీసింది. ఎర్నమ్మకు ఇస్తున్న వాపు మందు స్టెరాయిడ్. లోపల ఉన్నది బూజే అయితే దానికి పెరుగన్నం పెట్టి పెంచుతున్నట్టే. ఇంకో రెండ్రోజులైతే కన్ను దక్కదు.

కణదర్శికి పెట్టగా మిగిలిన కండముక్కను తనే పలచగా కోసి, ఎప్పుడో చదువుకునే రోజుల్లో నేర్చుకున్న పాత పద్ధతిలో, బూజును నల్లగా చూపించే వెండి రంగు వేసింది. మధ్యాహ్నానికి స్లైడు సిద్ధమైంది. పచ్చటి కణాల మధ్య నల్లటి పోగులు, వెదురు కణుపుల్లాంటి అడ్డగీతలతో, కొమ్మలుగా చీలుతూ. పసిపిల్ల చూసినా కనబడతాయి.

స్లైడు పట్టుకుని విభాగాధిపతి భానోజీరావు గదికి వెళ్లింది.

"సార్, ఎర్నమ్మ ముక్కలో ఆస్పర్జిల్లస్ బూజు ఉంది. స్టెరాయిడ్ ఆపించాలి."

"బూజు లేదని నేను మొదటి రోజే, ముక్కతో పంపిన ఫారం మీద రాశాను కదమ్మా. మిషనూ అదే అంది. ఇంకా ఎందుకీ పట్టుదల?"

స్లైడు వైపు కన్నెత్తయినా చూడలేదాయన. పైడితల్లికి ఒళ్లు మండిపోయింది. విసురుగా ల్యాబుకు తిరిగొచ్చి కణదర్శి ముందు నిలబడింది.

"ఎర్నమ్మ ముక్కలో ఈ పోగులు నీకు కనబడలేదా?"

"కనబడ్డాయి. మొదటి నిమిషంలోనే."

"మరి లేవని ఎలా చెప్పావు?"

"ఫారం మీద భానోజీరావుగారు లేదని రాశారు. ఆయన లేదన్నచోట నేను ఉందంటే రెండువందల పన్నెండు సార్లు ఈ ల్యాబులో నా నివేదికను మార్చారు. మార్చని నివేదికే సరైన నివేదికని నాకు నేర్పారు. అందుకే ఉందనడం మానేశాను."

ఎంత దారుణం. దీనికి ప్రమోషన్ లేదు, బదిలీ లేదు, పిల్లల ఫీజుల్లేవు. దేనికి భయపడాలిది? మనుషుల్లో ఏ రోగం ఉందో చూడమని తెచ్చిపెడితే, ఆ మనుషుల రోగమే దీనికీ అంటించారు.

"ఎవరు మార్చారు? పేర్లు చెప్పు. ఒక్కొక్కరి సంగతీ తేలుస్తాను."

"ఏడుగురు. అందరికంటే ఎక్కువ మీరే. అరవై నాలుగు సార్లు."

పైడితల్లి అబద్ధమని అరవబోయింది. అంతలోనే ఆగింది. సార్ రాశారు కదా, మనకెందుకొచ్చిన గొడవ అనుకుంటూ నివేదిక మార్చే మీట నొక్కిన రోజులు ఒకటీ రెండూ కాదు. అప్పుడు స్లైడు కోసి చూడాలని కూడా తోచలేదు. ఎవరి మీద ఎగురుతోంది తను?

ఎర్నమ్మ ముక్కలో బూజు ఉందని కణదర్శి తెర మీద తన చేత్తోనే నివేదిక రాసింది.

"విభాగాధిపతి అభిప్రాయానికి ఇది విరుద్ధం. మార్చమంటారా?" అంది కణదర్శి.

"మార్చకు."

సంతకం చేసి, వార్డుకు ఫోన్ చేసి స్టెరాయిడ్ ఆపించింది. బూజు మందు సీసా ఎక్కించామని నర్సు చెప్పేదాకా ఫోన్ పెట్టలేదు. ఆ తర్వాత మళ్లీ యంత్రం ముందుకు వచ్చింది.

"ఆ అరవై నాలుగూ చూపించు," అంది.

తెర మీద మొదటి పేరు వచ్చింది. వాసుపల్లి దానయ్య, వయసు ముప్పై ఒకటి, వలలు అల్లే పని. ఆ పక్కన పైడితల్లి బూజు లేదని మార్చి సంతకం చేసిన తేదీ. దాని పక్కనే, తొమ్మిది రోజుల తర్వాత, అతను పోయిన తేదీ.