గురువారం నూనె వాసన

ఆ బడి వెనకున్న పాత వంటశాల వైపు చీకటి పడ్డాక ఎవరూ పోరు. పోవద్దని చెప్పేవాళ్లే గానీ, ఎందుకని చెప్పేవాళ్లు లేరు.

నరిన్ కొండల్లో చలికాలం ఐదింటికే చీకటి. రెండో పూట బడి వదిలేది ఆరింటికి. గురువారం ఆ వేళకి అటు నుంచి వాసనొస్తుందట... కాగిన నూనె వాసన. వంటశాల మూతపడి ఏళ్లయింది. గ్యాసు లేదు, కరెంటు లేదు.

గురువారం నూనె కాగిందంటే దేనికో అక్కడ పసిపిల్లకైనా తెలుసు. పిండి ముక్కలు — బోర్సోక్ — వేయించి, ఆ వాసన పోయినవాళ్లకి పంపుతారు. వాళ్లకి తిండి అదే. మరి ఖాళీ ఇంట్లో వేయించేది ఎవరు? ఎవరి కోసం?

ఆ సంగతి బురుల్‌కి తెలిసొచ్చింది.

పైన పచ్చిక బయళ్ల ఊరి నుంచి వచ్చి తొమ్మిదో తరగతిలో చేరిన పిల్ల. మాట మోటు, కోటు పాతది. అదే తరగతిలోని సయ్‌కల్‌కి ఏడిపించడానికి అంతే చాలింది. దాని వెంట ఎప్పుడూ ఇద్దరు. అది నవ్వితే నవ్వడం, అది ముక్కు మూసుకుంటే మూసుకోవడం — అదే వాళ్లు బళ్లో నేర్చిన చదువు.

ముగ్గురూ కలిసి బురుల్‌ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, గొర్రెలా "మే" అనిపించి, ఫోన్‌లో వీడియో తీశారు.

"ఇది మీ ఊరి గ్రూపులో పెడతానే గొర్రెపిల్లా. మీ నాన్న చూసి మురిసిపోతాడు," అంది సయ్‌కల్.

"వద్దు సయ్‌కల్... నువ్వేం చెయ్యమంటే అది చేస్తా."

"అయితే వంటశాలలోకి పోయి ఏదో ఒకటి పట్టుకురా. తుడిచేస్తా. ఒట్టు."

ఆ రోజు గురువారం.

మంచులో అడుగులేస్తూ వంటశాల దాకా పోయింది బురుల్. తలుపు గొళ్లెం బయటివైపు ఉంది. అది — తీసే ఉంది.

లోపల చీకటి. నూనె వాసన. మూలన నీలంగా చిన్న మంట... దాని ముందు తెల్లటి తలగుడ్డ.

"తలుపు మూయి," అంది తలగుడ్డ గుసగుసగా. "వాసనంతా బయటికి పోతోంది."

బురుల్ వెనక్కి చెయ్యి చాపి తలుపు మూసింది. తలగుడ్డ ఇటు తిరిగింది.

బడిలో నేల తుడిచే బూబుష్ అపా, పిల్లలందరికీ పెద్దమ్మ! బూట్లకి మంచుతో గుమ్మం తొక్కితే హెడ్మాస్టర్నైనా వదలని ముసలమ్మ. కిరసనాయిలు స్టవ్వు ముందు గొంతుకూర్చుని ఉంది.

"అపా... మీరా! అందరూ దెయ్యమని..."

"అననీ. అలాగైనా దగ్గరికి రారు."

"ఇంట్లో వేయించుకోవచ్చు కదా అపా?"

"ఇంట్లో వేయిస్తే వాసన ఇంట్లోనే ఉంటుంది. నా కూతురు ఐచురెక్ ఇంటికి రాలేదుగా." అపా చిల్లుల గరిటె తిప్పింది. "తోటి ఆడపిల్లలే... ఆటకని ఇందులోకి తోసి గొళ్లెం పెట్టారు. చలికాలం సెలవులు మొదలయ్యే రోజు. తలుపు తీసేసరికి చలికి బిగుసుకుపోయి ఉంది. ఇరవై ఆరేళ్లయింది. వాళ్ల పేర్లన్నీ నాకు గుర్తే. ఒక్కతంటే ఒక్కతి వచ్చి తప్పయిందని అనలేదు."

నూనె చిటపటలాడింది.

"దాన్నీ ఒక్కటే అడిగా. ఒక్కసారి కనబడవే అని. ఎన్ని గురువారాలు! ఒక్కసారీ కనబళ్లేదు."

అప్పుడు —

టక్కుమంది గొళ్లెం.

"సయ్‌కల్!" బురుల్ తలుపు మీద పడింది. "ఒట్టేశావు కదే! తియ్యి!"

"తీస్తున్నానే, వీడియో!" బయట నవ్వులు. "తలుపు బాగా పడుతోంది. ఏదీ, ఇంకోసారి మే అను!"

బురుల్ పిడికిళ్లు నొప్పెట్టేదాకా బాదింది. అపా మాత్రం కదల్లేదు. తలుపు వంకే చూస్తూ ఉండిపోయింది.

ఉన్నట్టుండి నవ్వులు ఆగిపోయాయి.

ఒక కేక... పరుగులు... ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

గొళ్లెం కదిలింది. మెల్లగా... తుప్పు గీసుకుంటూ... పూర్తిగా పక్కకి జరిగింది.

బురుల్ తలుపు తోసింది. ఎవరూ లేరు. మంచులో సయ్‌కల్ ఫోన్ పడి ఉంది, వెలుగుతూ, ఇంకా వీడియో తీస్తూ. బురుల్ ఎగబడి అందుకుని ఆపేసింది. వీడియోలన్నీ ఒక్క దెబ్బన తుడిచేసింది. ఫోన్‌లోని చెత్తబుట్టలోంచి కూడా తీసేసింది. మళ్లీ రాకూడదు, ఎప్పటికీ.

"పోయింది అపా! మొత్తం పోయింది!" ఏడుస్తూ నవ్వింది.

అపా గుమ్మంలో నిలబడి కింద చూస్తోంది. గుమ్మం ముందు నుంచి పారిపోయిన బూటు అడుగులు మూడు జతలు. తిరిగొచ్చినవి లేవు. అందరూ వచ్చినప్పటివి తప్ప ఇంకెవరివీ లేవు.

"తలుపునే కదా తీస్తున్నామన్నారు... ఆ ఫోన్‌లో?" అపా ఫోన్ వైపు చెయ్యి చాపింది.

"అవునపా."

"అయితే గొళ్లెం తీసింది ఎవరో అందులో పడుంటుంది. చూపించు."

బురుల్ ఫోన్‌ని వెనక్కి దాచుకుంది.

"చూపించవే!"

"అన్నీ... తుడిచేశాను అపా."

"చూడకుండానే?"

బురుల్ తలూపింది. లోపల బోర్సోక్ మాడుతున్న వాసన. అపా వెనక్కి తిరగలేదు. చల్లటి ఆ గొళ్లేన్ని అరచేత్తో తడుముతూ నిలబడింది.

"ఆ పొద్దున రెండు జడలేసి పంపాను," అంది. "అట్లాగే ఉన్నాయో, ఊడిపోయాయో... అదైనా చూసి తుడవాల్సింది కదే."