తేటనీళ్ల ట్యాంకు

శవం కంటే ముందు వాసన ఎదురొచ్చింది.

మంచిర్యాల పెద్దాసుపత్రి ఆవరణలో ఆ తెల్ల కారవాన్ ఆగి ఉంది. లోపల మంచాలు, వంటగట్టు, స్నానాల గది అన్నీ ఉన్న బండి. పక్కన పెద్ద అక్షరాలతో ‘అడవిలో మీ సొంతిల్లు’ అని రాసి ఉంది. ముందు బంపర్‌కు వేలాడుతున్న దిష్టిదారంలో ఎండిపోయిన నిమ్మకాయ, మిరపకాయలు. వాటి కింద దారం ఖాళీగా ఊగుతోంది.

ఎస్సై ఉమారాణి తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టింది. అంతే వేగంగా వెనక్కి తీసుకుంది.

"ఛీ! ఇదా ఇల్లు?"

పొద్దున ఏడున్నర. ఆమె కడుపులో పడిందల్లా ఒక్క టీ. అది కాస్తా గొంతు దాకా వచ్చింది. కానిస్టేబుల్ హనుమండ్లు తన కర్చీఫ్ ఇచ్చాడు. దానికి కొబ్బరినూనె కంపు. అయినా ఈ కంపు కంటే అదే నయమని ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్లీ ఎక్కింది.

స్నానాల గది గుమ్మంలో అంతయ్య పడి ఉన్నాడు. మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. చెంపలు లోపలికి పోయాయి. లుంగీ తడిసి ఒంటికి అతుక్కుంది. నేలంతా వాంతి. ఈగలు ముఖం మీద నుంచి లేవడం లేదు. జీవితమంతా భూమి కింద గడిపినాయన, భార్యను తీసుకుని కుంటాల జలపాతం చూడబోయి ఇలా తిరిగొచ్చాడు.

"ప్రాణం దారిలోనే పోయింది," అన్నాడు డ్యూటీ డాక్టర్. "విరేచనాలు, వాంతులు. ఒంట్లో నీరు మిగల్లేదు. భార్య బతికి బయటపడింది. వాళ్లు తాగిన నీళ్లు చూడండి."

బండి దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు ఓనర్ రాకేశ్. కబురు తెలిసి కరీంనగర్ నుంచి కారులో వచ్చాడు. రెండోవాడు డ్రైవర్ నరేశ్. రాకేశ్ అప్పటికే కంప్లయింట్ రాసి తెచ్చాడు.

"ట్యాంకు కడిగేది స్వరూప అనే ఆమె మేడం. కడగకుండానే కడిగిన అన్నది. మనిషి ప్రాణం పోయింది."

"నువ్వు చూసినవా కడగకపోవడం?"

"నేను కరీంనగర్‌ల ఉంటే ఎట్ల చూస్త? నరేశ్ చెప్పిండు."

నరేశ్ సీటు ఎత్తాడు. కింద నీళ్ల ట్యాంకు. గుండ్రటి మూత తిప్పి టార్చ్ వేశాడు. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున మాత్రం రెండు వేళ్ల మందాన బూడిదరంగు బురద. టార్చ్ కదిలితే అది మెల్లగా వణికింది.

"చూడుండ్రి మేడం, ఎన్నేండ్ల పాచో!"

హనుమండ్లు బయటికి పరుగెత్తాడు. బండి వెనక వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఉమారాణి మొహం తిప్పుకుంది.

"మూసెయ్! ముందు మూసెయ్యి!"

అప్పుడే సీఐ ఫోన్. సాయంత్రంలోగా ఆ స్వరూపను అరెస్టు చేసి కోర్టులో పెట్టమన్నాడు. కేసు తేలికే అన్నాడు.

మంచిర్యాలలోనే ఉండే స్వరూప, కబురందగానే తానే ఆసుపత్రికి నడిచి వచ్చింది. చంకలో పాలు తాగే పిల్ల. మొహంలో నెత్తురు లేదు.

"ట్యాంకు ఎట్ల కడిగినవ్? చెప్పు."

"పాత నీళ్లన్ని ఇడిసిన మేడం. చెయ్యి లోపల్కి పెట్టి బ్రష్‌తోని రుద్దిన. బ్లీచింగ్ నీళ్లు నింపి, ఒక్కొక్క నల్లా ఇప్పి వాసన వచ్చేదాక ఇడిసి బంద్ చేసిన. రాత్రంత గట్లనే ఉంచిన. తెల్లారి ఇడిసి, వాసన పోయేదాక మంచినీళ్లతోని కడిగిన. ఖాళీ ట్యాంకు అప్పజెప్పిన. నింపుడు నరేశ్ పని."

"అబద్ధం మేడం! నింపి ఇచ్చింది ఆమెనే," అన్నాడు నరేశ్.

"దేవుని మీద ఒట్టు, నేను నింపలే! నన్ను జైల్ల ఏస్తె గీ పోరి ఏమైతది మేడం? దీనికింక పాలు గూడ మాన్పలే."

పిల్లను ఎత్తుకున్న ఆ చేతులను ఉమారాణి చూసింది. బ్లీచింగ్‌కు వేళ్ల చర్మం తెల్లగా పొక్కులు లేచి ఊడుతోంది. నిజంగా రుద్దిన చేతుల్లాగే ఉన్నాయి. మరి ఆ బురద ఎక్కడిది?

వార్డులో అంతయ్య భార్య పోశవ్వకు సెలైన్ ఎక్కుతోంది. భర్త పోయిన సంగతి, ట్యాంకు కడగలేదన్న మాట అప్పటికే ఆమె చెవిన పడ్డాయి. ఏడ్వడానికి కూడా ఒంట్లో సత్తువ లేదు. ఉమారాణి మంచం పక్కన కూర్చుంది.

"అవ్వా, నీళ్లు ఎట్లుండె?"

"తేటగనే ఉండె బిడ్డా. జర వగరు కొట్టినయి. పిందె జామకాయ కొరికినట్టు. బండి నీళ్లు గిట్లనే ఉంటయేమో అనుకున్న." పోశవ్వ కళ్లు మూసుకుంది. "ట్యాంకు కడగని ఆ లంజముండ చేతులు పడిపోను."

"బయలెల్లినప్పుడు ఫోటో దిగిన్రా?"

పోశవ్వ దిండు కింద నుంచి ఫోన్ తీసి ఇచ్చింది. మందమర్రి క్వార్టర్ ముందు దిగిన ఫోటో. అంతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లికొడుకులా నిటారుగా నిలబడ్డాడు. పోశవ్వ సిగ్గుపడుతోంది. వాళ్ల వెనక కారవాన్ ముందుభాగం. ఉమారాణి ఫోటోను పెద్దది చేసి చూసింది. ఆమె వేలు బంపర్ దగ్గర ఆగింది.

వగరు.

ఆమె గబుక్కున లేచింది.

"హనుమండ్లు! బండిని ఎవ్వరినీ ముట్టనియ్యకు. అందర్నీ అక్కడికి రమ్మను."

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. శవాన్ని మార్చురీకి తీసుకెళ్లారు. వాసన మాత్రం బండిలోనే ఉండిపోయింది. డాక్టర్ ఒప్పుకుంటే పోశవ్వను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. రాకేశ్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. స్వరూప పిల్లను చీర కొంగుతో కప్పుకుని దూరంగా నిలబడింది.

ఉమారాణి యూనిఫాం చెయ్యి భుజం దాకా మడిచింది. ట్యాంకు మూత తీసింది.

"మేడం, మీరెందుకు? గ్లోవ్స్ తెప్పిస్త," అన్నాడు హనుమండ్లు.

"పొద్దున నాకు అసహ్యమేసి మొహం తిప్పుకున్న. మనందరం గదే చేసినం. గా బురద చూసి తీర్పు చెప్పినం."

చెయ్యి లోపల పెట్టింది. పళ్లు బిగబట్టి ట్యాంకు గోడ మీద వేళ్లు రుద్దింది. తోమిన స్టీలు కంచం మీద వేలు గీసినట్టు కీచుమంది.

"విన్నరా? కడగని ట్యాంకుకు గోడలకు పాచి పడ్తది. చెయ్యి జారాలె. ఇక్కడ గోడలు అద్దం లెక్కనే ఉన్నయి. అడుగుకే బురద. అంటే కడిగినంక పోసిన నీళ్లల్ల వచ్చిన బురద ఇది."

"ఏ నల్లా నీళ్లో బాగలేవేమో," గొణిగాడు నరేశ్.

"అయితే పైన ఇంత తేటగ ఎందుకున్నయి? బండి కుదుపుతుంటే బురద కలవాలె గదా? ఇది అడుగుకు గడ్డ కట్టుకొని కూసుంది."

ఆమె చెయ్యి ఇంకా లోపలికి పోయింది. మోచెయ్యి మునిగింది. బురదలో వేళ్లు దేనికో తగిలాయి. పట్టుకుని బయటికి తీసింది. చేతి నుంచి చిక్కటి మురికి కారి బూట్ల మీద పడింది. అరచేతిలో కోడిగుడ్డంత తెల్లటి గడ్డ. సగం కరిగి నున్నగా ఉంది. నడుమ దారం ఒరిసిన గాడి.

"పటిక!" అంది పోశవ్వ.

"అవునవ్వా. గందుకే నీకు వగరు కొట్టింది." ఉమారాణి రెండో చేత్తో పోశవ్వ ఫోన్ తీసి ఫోటో చూపించింది. "మీరు ఎక్కేటప్పుడు బండి ముందట దిష్టిదారానికి గీ పటిక ఉంది. ఇప్పుడు నిమ్మకాయ ఉంది, మిరపకాయలున్నయి. పటిక లేదు. దారం తెగలే. ఎవరో కూసోని ముడి విప్పిన్రు. బండి మందమర్రి దాటినంకనే పటిక ట్యాంకుల పడ్డది. అప్పుడు స్వరూప మంచిర్యాలల ఉంది. రాకేశ్ కరీంనగర్‌ల ఉన్నడు. అవ్వా, బాపూ వెనక సీట్ల ఉన్నరు. ఇగ బండికాడ ఎవరున్నరు నరేశ్?"

నరేశ్ నోరు తెరిచాడు. మళ్లీ మూసి బంపర్ వైపు చూశాడు.

"ఎక్కడి నీళ్లు?"

"మేడం..."

"ఎక్కడి నీళ్లురా?"

"బయలెల్లిన పొద్దున నింపుడు యాది మరిచిన మేడం. జన్నారం దాటినంక చూస్తే ట్యాంకు ఖాళీ. ఓనర్‌కు తెలిస్తే పనిల నుంచి తీసేస్తడని... వీళ్లు చాయ్ తాగుతుంటే వాగుల మడుగు కనబడ్డది. పంపు పెట్టిన."

"మడుగుల ఏమున్నయి?"

"బర్రెలు."

రాకేశ్ రెండడుగులు వెనక్కి వేశాడు. నరేశ్ ఏడుపు మొదలుపెట్టాడు.

"ఎర్రగుండె మేడం నీళ్లు. పటిక ఏసి తిప్పితే పొద్దుమీకేసరికి తేటగయినయి. మా ఊళ్లె వానకాలం బాయినీళ్లకు గట్లనే ఏస్తరు. ఏం గాదనుకున్న."

"ఏం గాదనుకున్నవా? మరి నువ్వు తాగినవా?"

డ్రైవర్ సీటు పక్కన సగం తాగిన మినరల్ వాటర్ సీసా ఉంది. అందరూ దాన్నే చూశారు.

పొద్దుటి నుంచి ఉమారాణి చాలా చూసింది. వాంతి, ఈగలు, బురద. ఇంత రోత మాత్రం దేనికీ పుట్టలేదు.

పోశవ్వ చక్రాల కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగింది.

"మా ముసలాయన నిన్ను అడిగిండు గదరా. గ్లాసు చేతుల వట్టుకొని, ఫిల్టర్ నీళ్లేనా కొడుకా అని అడిగిండు. ‘ఫిల్టర్ నీళ్లే బాపూ, తాగు’ అన్నవ్. నువ్వే వంచి ఇచ్చినవ్. కొడుకా అన్నడురా నిన్ను!"

హనుమండ్లు నరేశ్ రెక్క పట్టుకుని జీపు వైపు లాక్కెళ్లాడు. రాకేశ్ కంప్లయింట్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"అది ఇటియ్యి," అంది ఉమారాణి. "ట్యాంకుల నీళ్లు ఎక్కడివని నరేశ్‌ను ఒక్కసారి గూడ అడగకుండ కంప్లయింట్ రాసినందుకు నీతో వేరే మాట్లాడాలె."

ఉమారాణి సబ్బుతో చెయ్యి భుజం దాకా రుద్ది కడుక్కుంది. నర్సు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఓఆర్ఎస్ తాగాలని బతిమాలింది. పోశవ్వ మొహం తిప్పుకుంది. పొద్దుటి నుంచి ఎవరి చేతి నీళ్లూ ముట్టలేదని, గ్లాసు చూస్తేనే వాంతి చేసుకుంటోందని నర్సు చెప్పింది.

పోశవ్వ స్వరూపను చూసింది. పొక్కులు లేచిన ఆ వేళ్లను చాలాసేపు చూసింది.

"ఇట్లరా బిడ్డా."

స్వరూప భయపడుతూ దగ్గరికొచ్చింది.

"నీ చేతులు పడిపోవాలని తిట్టిన. నా నోరు పాడుగాను." ముసలమ్మ చెయ్యి చాచి గ్లాసు చూపించింది. "గా గ్లాసు కడుగు. నువ్వే కడుగు. నువ్వే నీళ్లు పొయ్యి. తాగుత."

స్వరూప పిల్లను ఉమారాణికి అందించి ఆసుపత్రి నల్లా దగ్గరికి వెళ్లింది. గ్లాసును లోపలా బయటా వేళ్లతో రుద్ది కడిగింది. మళ్లీ కడిగింది. నర్సు ఇచ్చిన సీసాలోని నీళ్లు తానే పోసి, ఓఆర్ఎస్ పొడి కలిపి తెచ్చింది.

పోశవ్వ కళ్లు మూసుకుని గుక్క గుక్కగా మొత్తం తాగేసింది.

పిల్లను భుజాన వేసుకుని నిలబడ్డ ఉమారాణికి అప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి తను కూడా చుక్క నీరు మింగలేదని.

"స్వరూపా, నాక్కూడ ఒక గ్లాసు," అంది.