తణుకు నుంచి జవాబు

ఉదయం ఎనిమిదీ యాభైకల్లా తణుకు పలికేది. మిగతా ఐదు ఊళ్లూ తొమ్మిదిన్నర దాటితే గానీ పలికేవి కావు.

పలకడమంటే మనుషులు పలకడం కాదు. భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీ హెడ్డాఫీసు, మూడో అంతస్తు, ఏసీ గది. అందులో శరత్‌చంద్ర ఒక్కడే. నల్లటి తెర మీద ping అని కొట్టి బ్రాంచి పేరు ఇస్తే, అక్కడి కంప్యూటరు వేసి ఉన్నప్పుడు వరసగా జవాబులొస్తాయి. లేకపోతే తెర ఊరుకుంటుంది. 2003లో అతని ఉద్యోగమంతా అదే. చెప్పులు బయట విప్పమన్నాడని అలిగి టీకొట్టు దొరబాబు పైకి రావడం కూడా మానేశాడు.

సాయంత్రం మెస్సులో భోజనం, ఆ తర్వాత అద్దె గది. రోజు మొత్తంలో అతన్ని పేరు పెట్టి పిలిచే గొంతు ఒక్కటే, అదీ ఫోనులో. తణుకు బ్రాంచిలో కంప్యూటరు చూసే దుర్గాశ్రీది. ఎనిమిది నెలలుగా మాట్లాడుకుంటున్నారు. ఒకరినొకరు చూసుకోలేదు.

మాట్లాడుకోవడం కూడా ఏం మాట్లాడుకోవడం లెండి. అక్కడి ఫోను మేనేజరు పల్లంరాజుగారి బల్ల మీద ఉంటుంది. ఆయన పేపరు చదువుతున్నట్టే ఉంటారు, చెవులు మాత్రం ఇటే. అందుకని శరత్ ifconfig కొట్టమనేవాడు. కంప్యూటర్ని లైనుకి కలిపే నెట్‌వర్క్ కార్డు జాతకమంతా తెర మీద పడేది. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, ఎన్ని తప్పులు. ఆమె చదివేది, అతను వినేవాడు. కార్డు మొండికేస్తే ఆపడానికి ifdown, మళ్లీ లేపడానికి ifup, పక్కన కార్డు పేరు eth0. మూడుసార్లకే ఆమెకు నోటికొచ్చేసింది.

నిజానికి ఆ అంకెలన్నీ భీమవరంలో కూర్చుని అతనే చూసుకోవచ్చు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె చదవడం రోజురోజుకీ నిదానమైంది. అతను గమనించలేదు. ఇలాంటివి మగవాళ్లు ఎప్పుడు గమనించారు గనక.

ఆగస్టులో ఒక శనివారం, అంకెలు అయిపోయాక కూడా ఆమె ఫోను పెట్టలేదు.

"సోమవారం నుంచి నేను రానండి. పట్టిసీమ దగ్గర స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఇవాళ రాత్రికే అక్కడ మా పిన్నివాళ్లింటికి వెళ్లిపోతున్నాను."

అతను కంగ్రాట్స్ అన్నాడు. ఫోను పెట్టాక గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె అడ్రసు తెలియదు, ముఖం తెలియదు. ఎల్లుండి నుంచి తణుకు ఎప్పుడు పలికితే ఏం, పలక్కపోతే ఏం? అడగాల్సింది ఇవాళే అడగాలి. పల్లంరాజుగారు వింటుండగా ఎలా అడగాలి?

చేతులు ఊరుకోక, కూర్చున్నచోటి నుంచే లైను మీద తణుకు కంప్యూటరులోకి వెళ్లాడు. కార్డు తప్పులు చూపిస్తోంది. ఆపి లేపుదామని ifdown eth0 కొట్టి ఎంటర్ నొక్కాడు.

తెర బిగుసుకుపోయింది. అతను లోపలికి వెళ్లిన దారి ఆ కార్డే. దాన్ని ఆపేశాక, లేపమని చెప్పడానికి దారేది? తాళంచెవి ఇంట్లో ఉంచి తలుపు లాగేసుకున్నట్టయింది. పక్క తెర మీద వదిలేసిన పింగ్ కూడా మూగబోయింది.

వెంటనే ఫోను చేసి, ఒక్క లైను కొడితే చాలని దుర్గాశ్రీకి చెప్పబోయాడు.

"నాకవేం రావండి. మీరే రావాలి."

"మీకు వచ్చుగా?"

"మర్చిపోయానండి."

ఆర్డర్లన్నీ ఆగిపోయాయనీ, సాయంత్రంలోగా మనిషి రాకపోతే ఎండీగారితో చెబుతాననీ వెనకనుంచి పల్లంరాజుగారు కేకలేశారు.

అత్తిలి మీదుగా వెళ్లే బస్సు దొరికింది. వాన. కిటికీ అద్దం సగంలో ఇరుక్కుని, ఎడం భుజమంతా తడిసింది. దారి పొడుగునా అడగాల్సిన మాటలు కూర్చుకున్నాడు. తణుకులో దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

బ్రాంచి నిండా మేత బస్తాల వాసన. పల్లంరాజుగారు వెనక గోడౌనులో ఎవరినో కేకలేస్తున్నారు. కంప్యూటరు ముందునుంచి నీలంచీర అమ్మాయి లేచి, శరత్‌చంద్రగారేనా అంది. ఆ గొంతే. అతను తలూపితే కుర్చీ చూపించింది.

తెర మీద అప్పటికే ఒక లైను ఉంది. ifup eth0. చివర కర్సర్ కొట్టుకుంటోంది. ఎంటర్ ఒక్కటే నొక్కలేదు.

"ఇదెప్పుడు కొట్టారు?"

"మీరు ఫోను చెయ్యకముందేనండి."

"మరి నొక్కలేదేం?"

"నొక్కేస్తే మీరెందుకొస్తారు?" ఆమె తెర వంకే చూస్తోంది. "అంకెలు మీకక్కడే కనిపిస్తాయని నాకు మొదటి నెల్లోనే తెలుసండి. అయినా చదివాను."

"మీరు పలక్కపోతే నాకింకెవరూ లేరండి," అన్నాడు. "రేపు పట్టిసీమ రానా?"

"పిన్ని ఎవరని అడుగుతుంది. ఏం చెప్పను?"

"మిమ్మల్ని చేసుకుంటానని అడగడానికి వచ్చానని చెప్పండి."

ఆమె అతని తడిసిన భుజం వైపు చూపించి, తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది.

"పొద్దున్నే రండి. ఎనిమిదీ యాభైకి," అంది. "ముందు అది నొక్కండి, రాజుగారు వచ్చేస్తారు."

అతను నొక్కాడు. భీమవరంలో, తాళం వేసిన ఆ ఏసీ గదిలో, తణుకు నుంచి ఒకదాని వెనక ఒకటి జవాబులు రావడం మొదలైంది. చూడ్డానికి అక్కడెవరూ లేరు.