చేతుల్లేని ఊరు

డ్రాయింగ్ మాస్టారు కళ్లజోడు పైకి తోసుకుని, బల్ల మీద పరిచిన బొమ్మలన్నీ ఇంకోసారి చూశారు. ఎదురుగా ఉడుత నిలబడి ఉంది. ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉందిలే. పెన్సిళ్ల చివర్లు కొరికి కొరికి ఉడుత అయింది.

సెలవుల్లో చుట్టూ ఉన్న మనుషుల్ని గీసి, బొమ్మలన్నీ ఒక ఫైల్లో పెట్టి తెమ్మన్నారు మాస్టారు. ఫైలు నచ్చితే, బడి తెరిచాక సాయంత్రాలు ఆయన నడిపే బొమ్మల క్లాసులో సీటు. ఉన్నవి కొన్నే సీట్లు. పెద్ద కిటికీ, రంగుల డబ్బాలు ఉన్న ఆ గది మీద ఉడుతకి ఏడాదిగా కన్ను.

"ముఖాలు భలే కుదిరాయి," అన్నారు మాస్టారు. "ఒక్క సంగతి చెప్పు. మీ నాయనమ్మకి జ్వరమా?"

"లేదు సార్."

"మరి మండే ఎండల్లో మెడదాకా దుప్పటి కప్పావేం?"

ఉడుత పెన్సిల్ చివర కొరికింది. మాస్టారు ఇంకో బొమ్మ ముందుకి లాగారు.

"మీ నాన్న బస్సు నడుపుతారుగా? బస్సుని వెనకనుంచి గీశావు. మీ అమ్మ మిషన్ ముందు కూర్చుంది, చేతులేమో గుడ్డల కుప్పలో ఉన్నాయి. మీ అన్న చేతులు వెనక్కి కట్టుకున్నాడు."

"వాడెప్పుడూ అలాగే నిలబడతాడు సార్."

"క్యాచ్ పట్టేటప్పుడు కూడానా?"

అదీ అసలు విషయం. ఉడుత గీసిన ఊళ్లో ఎవరికీ చేతుల్లేవు. అక్కడ బంతుల్ని నోటితో పట్టుకుంటారు. తలుపులు ముక్కుతో తడతారు. వీపు దురదపెడితే గోడని బతిమాలుకుంటారు. నేనొకసారి ఆ ఊరు వెళ్లి, గడ్డం గీసేవాడు దొరక్క, బొడ్డుదాకా గడ్డంతో తిరిగొచ్చాను. నమ్మకపోతే మీ ఇష్టం.

"చేతులు గీయడం వచ్చా?" అడిగారు మాస్టారు.

"వచ్చు సార్," అంది ఉడుత, నేల చూస్తూ.

"అయితే వచ్చేవారం ఫైలు మళ్లీ తీసుకురా. చేతులతో సహా."

ఇంటికెళ్లి అమ్మ కుట్టుమిషన్ పక్కన కూర్చుంది ఉడుత. గీసింది, చెరిపింది. మళ్లీ గీసింది. కాగితం చిరిగేదాకా చెరిపింది.

అన్న వెనకనుంచి తొంగిచూశాడు. "అబ్బో! అమ్మకి ఆరు వేళ్లు!"

"పో అన్నయ్యా!"

"లెక్కపెట్టుకో."

లెక్కపెట్టింది. ఆరే. కాగితం ఉండచుట్టి మూలకి విసిరింది. అమ్మ లేచి, దాన్ని తీసి విప్పి చూసింది.

"ఇదేంటే, పీతా?"

"నీ చెయ్యే."

"నా చెయ్యే!" అమ్మ పడీపడీ నవ్వింది.

"నవ్వకమ్మా! ఇలాంటివి ఫైల్లో పెడితే సీటొస్తుందా? అందుకే అందరి చేతులూ దాచేశాను."

అమ్మ నవ్వాపేసింది. మళ్లీ మిషన్ ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించింది.

"ఈ కర్టెన్ల పని రెండ్రోజులుంటుంది. అప్పటిదాకా నా చేతులు ఇక్కడే ఉంటాయి. కదలకుండా మాత్రం ఉండవు. గీసుకో."

ఉడుత గీసింది. ఒక చెయ్యి చీపురులా వచ్చింది. ఇంకోటి దువ్వెనలా వచ్చింది. మంచినీళ్ల గ్లాసు పట్టుకున్న నాన్న చెయ్యి ఆ గ్లాసుకన్నా ఎక్కువ గ్లాసులా వచ్చింది. నాయనమ్మ మాత్రం పొట్ట మీద చెయ్యి వేసుకుని హాయిగా గురకపెట్టింది. కదిలితే ఒట్టు. ఆ చేతికి ముడతలొచ్చాయి, గోళ్లొచ్చాయి, వేళ్లలో ఎముకలు కూడా వచ్చాయి.

"ఇదీ చెయ్యంటే!" అన్నాడు అన్న. "ఇదొక్కటి పెట్టి, పీతల్ని పారెయ్. సీటు నీదే."

ఉడుత పీతలన్నిటినీ దొంతి పేర్చి, చెత్తబుట్ట దాకా వెళ్లింది. కాసేపు అక్కడే నిలబడింది. తిరిగొచ్చి, ఉండచుట్టిన కాగితాన్ని అరచేత్తో సాఫు చేసి, ఫైల్లో అన్నిటికన్నా ముందు పెట్టింది. అన్న తల పట్టుకున్నాడు.

వారం తిరిగాక మాస్టారు ఫైలు తెరవగానే ఆగిపోయారు. "ఇదేమిటి?"

"మా అమ్మ చెయ్యి సార్. మొదట గీసింది. ఆరు వేళ్లున్నాయి." ఉడుత చెవులు ఎర్రబడ్డాయి. "నాకు చేతులు రావు సార్. వచ్చని అబద్ధం చెప్పాను."

ఆయన ఒక్కో కాగితమే తిప్పుతూ పోయారు. నాయనమ్మ చెయ్యి వచ్చాక మళ్లీ వెనక్కి, మొదటి కాగితానికి వెళ్లారు. అక్కణ్ణించి ఇంకోసారి మొదలుపెట్టారు.

ఉడుత కాసేపు ఆయన ముఖం చూసింది. తర్వాత కాగితం తిప్పుతున్న చెయ్యి చూసింది. మెల్లగా సంచిలోంచి పెన్సిల్ తీసింది.

కాసేపటికి మాస్టారు ఫైలు మూసి, దాని మీద చెయ్యి పెట్టారు. "ఏమ్మాయ్, క్లాసుకి ఎన్ని గంటలకి రావాలో అడగవా?"

"కదలకండి సార్," అంది ఉడుత తలెత్తకుండా. "బొటనవేలు దగ్గరున్నాను."